మారెక్క తిన్న కారం

పొద్దున్నే మారెక్క పిడికెడు ఎండుమిరపకాయలు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, ఇంత రాళ్లుప్పు రోట్లో వేసి దంచేది. వాన లేక మూడేండ్లు. కూరగాయల మొగం చూసింది లేదు. సంగటి ముద్దలోకి ఆ కారమే కూర. మొగుడు సుంకప్ప చచ్చిపోయిన ఏడు, రెండువేల రెండులో, ఆమె నాలుక మొద్దుబారింది. పిడికెడు కాస్తా రెండు పిడికిళ్లయింది. ఎంత తిన్నా మంట తెలిసేది కాదు. ఆ మంట ఎదురుగా కూర్చున్నోళ్ల కండ్లలోకి పోయేది.

ఊర్లో ఎవరూ దాన్ని వింత అనుకోలేదు. చేను ఎండినోళ్లు, బిడ్డను పోగొట్టుకున్నోళ్లు, ఏడుపు గొంతులోనే గడ్డకట్టినోళ్లు ఆమె సంగటి తినే వేళకు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. మారెక్క ముద్ద ముద్దకూ కారం అద్దుకుని మింగేది. వాళ్లు ధారగా ఏడ్చి, మొగం కడుక్కుని, "పోయొస్తామక్కా" అని పనికి పోయేవాళ్లు. ఆమె కంట మాత్రం చుక్క రాలేదు.

మంట తెలియకపోయినా కడుపు ఊరుకోలేదు. ఒకనాడు పెరట్లో నెత్తురు కక్కింది. కూతురు చౌడేశ్వరి బస్సెక్కించి గుంతకల్లుకు పిలుచుకుపోయింది. డాక్టరు కడుపులోకి గొట్టం వేసి చూసినాడు.

"పుండు పడిందమ్మా. ఇంత కారం తింటే మానదు. మందులు వేసుకో, చప్పిడి తిను. మళ్లీ నెత్తురు పడితే ప్రాణానికే మోసం."

"సరే సార్," అనింది మారెక్క. వేరే ఎవరి గురించో చెప్తాంటే విన్నట్టు వినింది.

చౌడేశ్వరి ఇంట్లో కారమనేది లేకుండా చేసింది. నెల దినాలు మారెక్క మజ్జిగన్నం తినింది. ఎవరన్నా వస్తే, "మాయమ్మకు బాగలేదు, పోండప్పా," అని చౌడేశ్వరి వాకిట్లోనే చెప్పేది. వాళ్లు తలూపి మళ్లుకునేవాళ్లు.

ఒక మధ్యాన్నం చౌడేశ్వరి నీళ్లకు పోయినప్పుడు ఓబుళేసు వచ్చినాడు. నాలుగు బోర్లు వేసి, నాలుగిట్లోనూ నీళ్లు పడని రైతు. అరుగు మీద కూర్చుని గోడను చూస్తాండాడు.

"ఏమప్పా, తింటివా?"

అతను రెప్ప ఆర్పలేదు. ఆ చూపు మారెక్కకు తెలుసు, అద్దంలో రోజూ చూసేదే. లేచి పక్కింటి పెద్దక్కను అడిగి గిన్నెడు కారం తెచ్చుకుంది. అతని ఎదురుగా కూర్చుని, మజ్జిగన్నంలో అంతా కుమ్మరించుకుని తినింది.

ఐదో ముద్దకు ఓబుళేసు కండ్లు ఎర్రబడినాయి. ఏడో ముద్దకు అరుగు మీద బోర్లా పడి ఏడ్చినాడు.

"పురుగుల మందు దూలం మీద పెట్టినానక్కా. ఈ పొద్దు తాగుదామని."

"పోయి పట్టుకరా."

తెచ్చినాడు. ఆమె దిబ్బలో గుంత తీయించి పూడిపించింది. మట్టి తొక్కుతాండగానే కడుపు పట్టుకుని కూలబడింది. నోటి నుంచి నెత్తురు. ఓబుళేసు ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తి, ఆటోలో గుంతకల్లుకు చేర్చినాడు. ఆమెకు ఎక్కించిన నెత్తురులో ఒక సీసా అతనిదే.

మారెక్క బతికింది. చప్పిడి తింటా, అట్లే మొద్దుగా బతికింది. ఓబుళేసు పెండ్లాంతో రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుట్టే చోట కుదిరినాడు. రెండేండ్లకు ఆడబిడ్డ పుడితే, తెచ్చి మారెక్క ఒళ్లో పెట్టినాడు. బిడ్డ కెవ్వుమనింది. ఓబుళేసు ఊరుకోబెట్టబోయి చేతులు చాపినాడు.

మారెక్క ఇయ్యలేదు.

"ఏడ్వనీలేప్పా," అనింది.