ఉప్పు లేని పిస్తాలు

వీరరాఘవులుకి కొలెస్ట్రాల్ ఉందని తేలిన రోజు ఆయన మామూలుగానే భోంచేశాడు. అన్నం సహించనిది ఆయన భార్య అన్నపూర్ణేశ్వరికి.

వేపుళ్ళు మానాలి, నడవాలి, రోజూ పిడికెడు బాదం, అక్రోటు, పిస్తా తినాలి అన్నాడు డాక్టరు. మొదటి రెండూ మొగుడు చెయ్యాల్సిన పనులు కనక వాటిమీద ఆవిడ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. మూడోది తన చేతిలో ఉంది. ఆ ఆదివారమే కరోల్ బాగ్ బజారుకి వెళ్ళి రెండు సంచులు మోసుకొచ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే కాఫీకి ముందు ఒక స్టీలు గిన్నె ఆయన చేతికొచ్చేది.

వీరరాఘవులు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. పకోడీ అయితే నమిలేవాడే కానీ, నానబెట్టిన బాదం పప్పు ఆయనకి తడిసిన సుద్దముక్కలా అనిపించేది. భార్య ఎదురుగా ఉమ్మలేడు. అంచేత "ఎండలో కూచుని తింటానే" అని గిన్నె, పేపరు పట్టుకుని వెనక పెరట్లోకి నడిచేవాడు. సరోజినీ నగర్‌లో వాళ్ళది కింది క్వార్టరు. పెరడంటే జానెడు నేల, ఓ జామచెట్టు, ఓ ప్లాస్టిక్ కుర్చీ.

మూడోనాడు జామచెట్టు మీంచి ఒక ఉడత దిగింది. ఆయన ఒక బాదం విసిరాడు. అది వాసన చూసి, రెండు చేతులతో పట్టుకుని, ఎంతో మర్యాదగా తింది. గిన్నె ఖాళీ అయింది. అన్నపూర్ణేశ్వరి ఖాళీ గిన్నె చూసి మురిసిపోయి, ఆ పూట కాఫీలో ఒక చెంచా పంచదార ఎక్కువే వేసింది.

అలా వారం గడిచింది. ఉడతకి అమ్మడు అని పేరు పెట్టాడు. ఒకరోజు పిస్తా ఇస్తే అమ్మడు నాకి పక్కన పడేసి, బకెట్ అంచుకెక్కి అదేపనిగా నీళ్ళు తాగింది. వీరరాఘవులు గుండె కలుక్కుమంది. ఆఫీసులో ఏ ఫైలూ రెండో పేజీ దాటి చదవని మనిషి, ఉడతలకి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఫోన్లో ఆ మధ్యాహ్నమంతా చదివాడు. ఉప్పు వేసినవి పెట్టకూడదట. మసాలా వేసినవి, నూనెలో వేయించినవి అసలే వద్దట. వేరుశనగ బూజు పట్టిందేమో చూసుకోవాలట. అన్నిటికన్నా ముఖ్యం, వాటి పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి పెంకుతో ఉన్నవి కొరుక్కోవాలట.

"అన్నపూర్ణా, ఈసారి ఉప్పు లేని పిస్తాలు తే" అన్నాడు సాయంత్రం.

బీపీ గురించి కూడా ఆలోచిస్తున్నాడని ఆవిడ కళ్ళు చెమర్చాయి.

మరో నాలుగు రోజులకి "బాదం నానబెట్టకు. పొడిగానే ఇయ్యి" అన్నాడు. అదీ సరే అంది. ఆ తర్వాత, పేపరు వెనక మొహం దాచుకుని, "పెంకుతో ఉన్న బాదం దొరుకుతుందేమో చూడకూడదూ? పల్చటి పెంకుది" అన్నాడు.

"పెంకుతోనా? మొన్నేగా పంటికి క్యాప్ వేయించుకున్నారు!"

"కొట్టుకుని తింటే చేతికి ఎక్సర్‌సైజు."

ఆవిడ కరోల్ బాగ్ దుకాణంలో ఈ ముక్కే చెబితే, భయ్యా "వాహ్, సాబ్ తో షౌకీన్ హై" అని అయ్యగారి అభిరుచిని మెచ్చుకుని, పగలగొట్టుకునే ఇత్తడి పట్టకారు కూడా అంటగట్టాడు. అక్రోట్లు కూడా పెంకుతోనే వచ్చాయి. అమ్మడు వాటితో ఫుట్‌బాల్ ఆడింది తప్ప పగలగొట్టలేకపోయింది. పాపం, దాని నోరెంత? వీరరాఘవులు రాయి తెచ్చి, కాస్త పగలగొట్టి పెట్టడం మొదలెట్టాడు. ఈలోగా అమ్మడికి చుట్టాలు కూడా వచ్చారు. మొత్తం నాలుగు. పంపకాల్లో గొడవల్లేకుండా ఆయన లాల్చీ జేబులో విడిగా కొంత ఉంచుకునేవాడు.

భర్త క్రమశిక్షణ గురించి అన్నపూర్ణేశ్వరి ఫోన్లో చెప్పని చుట్టం లేడు. ద్వారకాలో ఉండే ఆవిడ తమ్ముడు జనార్దనరావుకి కూడా కొలెస్ట్రాలే. బావగారి పద్ధతి కళ్ళారా చూసి నేర్చుకుంటానని ఆదివారం పొద్దున్నే దిగాడు.

"రండి బావగారూ, ఒక్క అక్రోటు కొట్టి చూపించండి."

వీరరాఘవులు టేబుల్ ముందు కూచుని పట్టకారు అందుకున్నాడు. గట్టిగా నొక్కితే అక్రోటు ఎగిరి ఇడ్లీ గిన్నెలో పడింది. రెండోది నొక్కబోతుండగా పెరటి గుమ్మం దగ్గర కిచకిచలు వినిపించాయి. వేళ దాటిపోయిందని అమ్మడు వెతుక్కుంటూ వచ్చేసింది. అది గచ్చు మీద పరుగెత్తి, ఆయన పైజమా పట్టుకుని ఎక్కి, ఎవరినీ అడక్కుండా లాల్చీ జేబులో తలదూర్చి, ఒక బాదం కాయ తీసుకుని, ఆయన మోకాలి మీదే కూచుని కొరకసాగింది. గుమ్మంలో మరో మూడు వరసలో నిలబడ్డాయి.

"పాపా, యే తో ఆప్‌కో జాన్‌తీ హై!" అని, ఉడత నాన్నని గుర్తుపట్టినందుకు కూతురు ప్రణతి చప్పట్లు కొట్టింది.

జనార్దనరావు ఇడ్లీ మింగడం మరచిపోయాడు. అన్నపూర్ణేశ్వరి మాత్రం చాలాసేపు ఆ ఉడతనే చూసింది. నున్నగా, నిగనిగలాడుతూ, గుమ్మడిపండులా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"హోలీ నుంచి" అన్నాడు వీరరాఘవులు నేల చూపులు చూస్తూ.

ఆవిడ అరవలేదు. సోమవారం రక్తపరీక్షకి లాక్కెళ్ళింది. రిపోర్టు చూసి డాక్టరు నవ్వుతూ, "కొంచెం తగ్గింది. ఏం చేస్తున్నారో అదే చెయ్యండి" అన్నాడు. రోజూ ఉడతల వెంట పెరడంతా తిరగడం వల్లో, ఇంట్లో వేపుళ్ళు తగ్గడం వల్లో ఎవరికి తెలుసు!

బయటికొచ్చాక అన్నపూర్ణేశ్వరి అంది: "ఈ పరీక్ష ఆ అమ్మడికి చేయిస్తే ఇంకా తగ్గి ఉండేది."

ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. "నీతో చెప్పాల్సింది. అంత దూరం వెళ్ళి తెస్తున్నావని..."

"అందుకే కదా ఒళ్ళు మండేది. రెండు మెట్రోలు మారి తెచ్చేదాన్ని." ఆటో సరోజినీ నగర్ మలుపు తిరిగాక తనే అడిగింది. "వాటికి జీడిపప్పు పెట్టొచ్చా?"

"ఉప్పు లేకపోతే పెట్టొచ్చు. ఎప్పుడైనా ఒకటి."

మర్నాడు పొద్దున పెరట్లో రెండు కుర్చీలున్నాయి. గిన్నె అన్నపూర్ణేశ్వరి ఒళ్ళో ఉంది. నాలుగు ఉడతలూ కుర్చీ కాళ్ళ దగ్గర తోకలు ఆడిస్తున్నాయి. ఆవిడ ఒక బాదం ఒలిచి మొగుడి నోటికి అందించింది.

"ముందు మీరు. మీరు మింగాకే దానికి."

వీరరాఘవులు కళ్ళు మూసుకుని నమలడం మొదలెట్టాడు. అమ్మడు ముందుకాళ్ళు ఎత్తి, ఆయన దవడనే చూస్తోంది.

"కాస్త తొందరగా కానివ్వండి, పాపం అది ఆకలితో ఉంది" అంది అన్నపూర్ణేశ్వరి.