కుందేళ్లు నిర్దోషులు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు: సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిమంది మీద పెత్తనం చేసే నరేందర్ బాబాయి, ఆయన మీద పెత్తనం చేసే రేఖ చిన్నమ్మ, వాళ్ల ఎనిమిదేళ్ల కూతురు యశస్విని, మఫిన్, వాఫిల్ అనే రెండు కుందేళ్లు, కాలేజీ చదువుకని ఊరి నుంచి వచ్చి వాళ్లింట్లో ఉంటున్న నేను. కుందేళ్లను నాకంటే ముందు రాశాను. ఆ ఇంట్లో వరుస అదే. ఇక యశస్విని జడలో ఉన్నవాళ్లు. వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

మా కొత్తగూడ అపార్ట్‌మెంట్లోకి ఎవరు రావాలన్నా గేటు దగ్గర ఫోటో దిగాలి, చిన్నమ్మ తన ఫోన్లో సరే అని నొక్కాలి. మా బాపు ఊరి నుంచి బియ్యం బస్తా తెచ్చినప్పుడు కూడా ఎండలో నిలబడి ఫోటో దిగాడు. అలాంటి చోటికి పేను ఎవరి అనుమతితో వచ్చిందో తెలియలేదు. పొద్దున ఆన్‌లైన్ డ్రాయింగ్ క్లాసులో యశస్విని తెల్ల కాగితం మీదికి తల వంచితే అది తీరిగ్గా నడుచుకుంటూ దిగింది. టీచరు చూసింది. క్లాసులో పిల్లలందరూ చూశారు. చిన్నమ్మ లాప్‌టాప్ మూసిన వేగానికి అది పగలకపోవడం ఆశ్చర్యం.

"సోర్స్ కనిపెట్టాలె," అన్నాడు బాబాయి. ఆఫీసులో ఏదైనా చెడిపోతే తప్పెవరిదో తేల్చడం ఆయన పని. బాగుచెయ్యడం వేరేవాళ్ల పని. "సోర్స్ ఎవరైతే వాళ్లు బయటికే. కుందేళ్లయితే నార్సింగిల ఫామ్‌హౌస్‌కి పంపిద్దాం. లేకపోతే..." నావైపు చూశాడు. మర్యాదస్తుడు కాబట్టి గొంతు తగ్గించి, "హాస్టల్ గూడ మంచిగనే ఉంటది బిడ్డా," అన్నాడు.

నేను అనాలనుకున్నవన్నీ డైరీకి చెప్తాను. అది మధ్యలో లేచిపోదు. నాకు హాస్టల్ వద్దు. ఇక్కడి నుంచి కాలేజీకి నడిచి వెళ్లొచ్చు, వచ్చాక కుందేళ్లతో ఉండొచ్చు. హాస్టల్ అంటే గది నిండా కొత్త మొహాలు. ఒక్క కొత్త మనిషికి నా పేరు చెప్పడానికే నాకు వారం పడుతుంది.

ముందు కుందేళ్ల విచారణ. బాబాయి మఫిన్‌ను ఎత్తి పట్టుకుని పశువుల డాక్టర్‌కు వీడియో కాల్ చేశాడు. చెవులు, పొట్ట, తోక, అన్నీ తిప్పి తిప్పి చూపించాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత పరీక్ష ఉండదు.

"సార్, మనిషి పేను కుందేలు మీద బతకది. కుందేలు పేను మనిషి మీద బతకది," అన్నాడు డాక్టరు. "ఇంతకు ఇంట్ల ఎవరికున్నయి సార్?"

బాబాయి కాల్ కట్ చేశాడు. నెట్‌వర్క్ బాలేదట.

తర్వాత నా వంతు. చున్నీ తీశాను. నేను టెన్త్ పాసైతే నా తలనీలాలు ఇప్పిస్తానని నాయనమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. పరీక్ష రాసింది నేను, మొక్కింది ఆమె, జుట్టు నాది. ఇప్పుడు గోరంత మొలిచింది. సిగ్గేసి కాలేజీలో, ఇంట్లో, లిఫ్టులో, అన్నిచోట్లా చున్నీ కప్పుకునే తిరుగుతాను. ఆ తలలో పేను బతకాలంటే పడుకునే ఉండాలి. నిలబడితే బయటికి కనిపిస్తుంది.

బాబాయి టార్చ్ వేసి మరీ చూశాడు. "క్లీన్," అన్నాడు, కాస్త నిరాశగా. వెంటనే ఆయనకు ఆదివారం పూట అర్జెంట్ మీటింగ్ గుర్తొచ్చింది. యశస్విని తలకు మందు పట్టించి, పైన ప్లాస్టిక్ టోపీ తొడిగి టీవీ ముందు కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం చిన్నమ్మ నా గదికి వచ్చింది. నా గది అంటే కుందేళ్ల గది. వాటి బోను పక్కన నా మంచం. తలుపు దగ్గరగా వేసి, ఇస్త్రీ చేసినట్టుండే జుట్టు విప్పి నా కాళ్ల దగ్గర కింద కూర్చుంది.

"జర చూడవే. ఒకటే దురద. మీ బాబాయికి చెప్పకు."

చూశాను. యశస్విని తలలోవి కొత్తగా కిరాయికి దిగినవేమో. ఇక్కడివి సొంత ఇల్లు కొనుక్కున్నవి.

నేను ఒక్కొక్కటి తీసి గోళ్ల మధ్య నొక్కుతుంటే చిన్నమ్మ కళ్లు మూసుకుంది. రోజూ తన ఆఫీసులో మాట్లాడే పట్నం మాటలు ఎటో పోయాయి. "చిన్నప్పుడు మీ అమ్మ గిట్లనే చూసేది. గట్టిగ గుంజితే లేచి ఉరికేదాన్ని. ఆఫీసుల ఎవలన్న చూస్తరేమోనని పరేషాన్ ఉందే. ఇజ్జత్ పోతది."

"చిన్నమ్మా," అన్నాను. నా లెక్కలో అదే పెద్ద ఉపన్యాసం. "నన్ను హాస్టల్ల ఎయ్యరు కద?"

"నీ తలల ఒక్కటి గూడ లేదాయె, నిన్నెందుకు ఏస్తరు పిచ్చిదానా? నేను లేనా?"

వాఫిల్ వచ్చి ఆమె కాలి వేళ్లు వాసన చూసింది. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి నేను కుందేళ్లతో సమానమైనట్టు అనిపించింది.

బెల్ మోగింది. చిన్నమ్మ గబగబా జుట్టు ముడేసుకుని, నా గది తలుపు దగ్గరగా వేసి వెళ్లి వీధి తలుపు తీసింది. పై అంతస్తు బాలాత్రిపురసుందరి గారు. అసోసియేషన్ సెక్రటరీ. ఆమె దాకా వెళ్లిన మాట సాయంత్రానికి అన్ని బ్లాకులకూ వెళ్తుంది. హాల్లోకి, నా గది గుమ్మం దాకా వచ్చేశారు.

"మా రసజ్ఞ తలనిండా పేలేనండి రేఖగారూ! మీ పాపా మా పాపా స్కూలు బస్సులో పక్కపక్కనే కదా కూర్చునేది. పొద్దున క్లాసులో కూడా చూసిందటండి మా పిల్ల. ఏమనుకోకండి, ఎక్కడి నుంచి వచ్చాయంటారు? మీ కుందేళ్లేనా?"

"అయ్యో, కుందేళ్లు కాదండీ, డాక్టర్‌కి చూపించాం." చిన్నమ్మ గొంతు అండీల్లోకి మారింది. "మా అక్క కూతురు వచ్చింది కదండీ, ఊరి నుంచి..."

"అదే అనుకున్నానండి! పాపం, ఎప్పుడు చూసినా చున్నీ కప్పుకునే ఉంటుంది."

"అవునండీ. హాస్టల్‌కి పంపించేస్తున్నాం."

నా చున్నీ మంచం మీద ఉంది. దాన్ని అక్కడే వదిలేసి లేచాను. ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు, అదే నాకు నచ్చింది. గుమ్మంలో నిలబడితే చాలు, మిగతాది నా తల చెప్తుంది. మఫిన్ కూడా సాక్ష్యానికి వస్తున్నట్టు నా వెనకే గెంతింది.

దగ్గరగా వేసిన తలుపును సగం లాగాను. చిన్నమ్మ నన్ను చూసింది. నా తలను చూసింది. బాలాత్రిపురసుందరి గారు ఇటు తిరిగేలోపు, "కాఫీ తాగుతారా అండీ?" అని నవ్వుతూ, ఒక చేత్తో ముడి కింద గోక్కుంటూ, రెండో చెయ్యి వెనక్కి పెట్టి నా గది తలుపు మూసేసింది.