తెల్ల కట్టు కింద

బాయిలర్ బాగుచేస్తుండగా ఆవిరి తమ్ముడి కుడిచేతిని మోచేతి పైదాకా కాల్చేసింది. వార్డులో నర్సు రోజూ గాయం కడిగి, తెల్ల క్రీము పూసి, డాక్టర్లు వచ్చేలోపు మల్లెపువ్వులాంటి కట్టు కట్టేసేది. వాళ్లు కట్టు చూసి బాగుందని పోయేవారు. సున్నం కొట్టిన గోడ చూసి ఇల్లు గట్టిదన్నట్టు. కట్టు మార్చేటప్పుడు తమ్ముడు చూసి బెదురుతాడని అక్క అతని కళ్లమీద తువ్వాలు కప్పేది. ఒకరిది పనితనం, ఒకరిది ప్రేమ. ఇద్దరూ కలిసి గాయాన్ని దాచారు.

జ్వరం మాత్రం దాగలేదు. యాంటీబయాటిక్ మార్చారు, ఇంకా పెద్దది వేశారు. గాయం మీద దూదిపుల్ల రాసి పంపిన పరీక్షలో ఏమీ లేదన్నారు.

ఒకరోజు పెద్ద డాక్టరమ్మ ముందుగా వచ్చింది. కట్టు విప్పి ఉంది. మొన్నటిదాకా ఎర్రగా ఉన్నచోట నల్లమచ్చ, దాని అంచు మంచి చర్మంలోకి పాకుతోంది. ఎప్పటినుంచని అడిగింది. క్రీములో వెండి ఉంటుంది, అది నల్లబడిన మరక అనుకున్నానంది నర్సు, తల దించుకుని.

ఇది ఫంగస్ కావచ్చని, లోపలికి వేళ్లు దించుతుందని, పైపైన తుడిస్తే దొరక్కపోవచ్చని చెప్పి, డాక్టరమ్మ చిన్న కండముక్క కోసి పంపింది. అనుమానం నిజమైంది. యాంటీబయాటిక్‌లు దాన్ని చంపవు సరికదా, మిగతా క్రిముల్ని చంపి దానికి చోటు ఖాళీ చేసి పెడతాయి. ఫంగస్ మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. కానీ చచ్చిన కండ కోసెయ్యకపోతే మందొక్కటే చాలదు, ఫంగస్ రక్తంలోకి పోతే మనిషే దక్కడు.

తమ్ముడు వద్దన్నాడు. కాలింది చాలదా, ఇంకా కోస్తారా అన్నాడు. అక్క బతిమాలింది, తిట్టింది. కుళ్లిన బంగాళాదుంపని పైన గీకి వండుకుంటామా అంది.

"నన్ను దుంపని చేశావా అక్కా," అని మొహం తిప్పుకున్నాడు. మళ్లీ తనే అన్నాడు, "మూత తియ్యకుండా బాయిలర్ సంగతి నేనెప్పుడైనా చెప్పానా? నా చెయ్యి అందరూ చూశారు. నేను తప్ప."

అక్క తువ్వాలు తీసుకోబోయి ఆగింది. నర్సు కట్టు విప్పింది. డాక్టరమ్మ ఎక్కడిదాకా కొయ్యాలో చూపించింది. రెండు వేళ్లు మళ్లీ ముడవకపోవచ్చని కూడా దాచలేదు.

చాలాసేపు చూశాడు.

"సరే, కొయ్యండి. సగంలో మాత్రం ఆపకండి."

కోశారు. మిగిలిన అంచునుంచి తీసిన ముక్కలో ఫంగస్ లేదు. మందు ఇంకా ఎక్కుతూనే ఉంది, అది కిడ్నీలను దెబ్బతీస్తుందేమోనని రోజూ రక్తం తీస్తున్నారు. రెండు వేళ్లు ముడవడం లేదు.

డాక్టర్లు వచ్చే వేళకి నర్సు కట్టు కట్టకుండా నిలబడింది. ఇంకా కాలేదా సిస్టర్ అని చిన్న డాక్టరు విసుక్కున్నాడు.

"మీకోసమే విప్పి ఉంచాను. వంగి చూడండి."

పక్కనే అక్క ఆ తువ్వాలుతో తన మొహం తుడుచుకుంది.