ఎనిమిది సెకన్లు

అక్టోబరు వచ్చిందంటే చాలు, మా ఊరు ఎల్క్‌ఫోర్డ్‌లో ప్రతివాడూ నన్ను పట్టుకుని అడిగేవాడే. "ఈసారి మనవాళ్ళు ఎలా ఉన్నారు వెండెల్?" అని. మంగలి అడుగుతాడు, పెట్రోలు బంకులో పిల్ల అడుగుతుంది, పాస్టరుగారైతే ప్రార్థన ముగిసీ ముగియకముందే అడుగుతాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు పద్దెనిమిదేళ్ళుగా సహాయ కోచ్‌ని కాబట్టి జవాబు చెప్పక తప్పదు. ఈ ఏడాది అందరికీ ఒకటే చెప్పాను. "ఓరిన్ ఉంటే గెలుస్తాం. లేకపోతే ఊరూరా తిరిగి తన్నులు తిని వస్తాం."

మా లీగులో ఉన్న పది కాలేజీల కోచ్‌లూ ఆటలు మొదలవకముందే ఓట్లేసి మాకు తొమ్మిదో స్థానం ఇచ్చారు. వాళ్ళ మొహాలు మండ! పరిగెత్తేవాళ్ళకీ, దూరం నుంచి బుట్టలో వేసేవాళ్ళకీ మాకేం కొదవ లేదు. టెరెల్ బాయిడ్ అనే కుర్రాడొక్కడు చాలు, ఎదుటివాడి కళ్ళముందే బంతి మాయం చేస్తాడు. కానీ బుట్ట కింద నిలబడి, తగిలి వెనక్కొచ్చిన బంతిని లాక్కునేవాడు ఓరిన్ టాకెట్ ఒక్కడే. ఆరడుగుల పది అంగుళాల ఎత్తు, నూట ముప్ఫై కిలోల బరువు. పందులు పెంచే రైతు కొడుకు. మోకాలికి ఆపరేషనై కిందటి ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్నాడు. చదువుకిది ఆఖరి సంవత్సరం. ఇప్పుడు ఆడకపోతే వాడిక ఈ జన్మలో జెర్సీ వేసుకోడు.

జెర్సీ కావాలంటే ముందు మైలు పరిగెత్తాలి. మా హెడ్ కోచ్ గార్లండ్ ప్రూయిట్ పెట్టిన నియమం అది. ట్రాక్ చుట్టూ నాలుగు చుట్లు, ఆరున్నర నిమిషాలు, మూడు అవకాశాలు. మూడూ పోతే ఆ ఏడాదికి ఇంటికే. కాలేజీ ట్రస్టీ కొడుకునే ఒక్క సెకను కోసం పంపించేసిన మనిషి ఆయన. బతిమాలితే ఇంకా బిగుసుకుపోతాడు. మిగతా పద్నాలుగు మందీ మొదటిరోజే గట్టెక్కారు. ఓరిన్ మొదటిసారి ఆరు నిమిషాల యాభై రెండు సెకన్లు తీసుకున్నాడు. రెండోసారి ఆరూ నలభై ఒకటి. ఇక మిగిలింది ఈ ఒక్క మంగళవారం పొద్దున్నే.

ఆరు గంటలకు ట్రాక్ దగ్గరికి వెళ్ళేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఓరిన్ అప్పటికే వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"ఏమన్నా తిన్నావట్రా?" అని అడిగాను.

"తిన్నాను పెద్దాయనా. ఇందాకే కక్కేశాను కూడా."

"మంచిదే. కాస్త బరువు తగ్గావు."

వాడు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అంతలో గేటు చప్పుడైంది. చూస్తే టెరెల్, వాడి వెనక మిగతా పదముగ్గురూ. ఉత్సాహపరచడానికి వచ్చారనుకున్నాను. నేరుగా వచ్చి గీత మీద ఓరిన్ పక్కన వరసగా నిలబడ్డారు.

ప్రూయిట్ టోపీ పైకి నెట్టాడు. "ఏంటిది? పెళ్ళి ఊరేగింపా?"

"వీడితో పరిగెత్తుతాం కోచ్," అన్నాడు టెరెల్.

"గీత మీద నిలబడ్డ ప్రతివాడికీ గడియారం వర్తిస్తుంది. మొదటిరోజు లెక్క చెల్లదు. ఈ రోజు దాటకపోతే ఎవడికీ జెర్సీ ఉండదు. తెలుసా?"

"తెలుసు కోచ్."

"పిచ్చెక్కిందట్రా మీకు?" అని ఓరిన్ అరిచాడు. "పోండి అవతలికి!"

"నోర్మూసుకుని పరిగెత్తరా ఏనుగా," అన్నాడు టెరెల్. "ఊపిరి దాచుకో."

ఒక్కడి సంగతనుకుని వచ్చాను, జట్టంతా వెళ్ళి ఆ గీత మీద నిలబడింది. ప్రూయిట్ వాళ్ళను ఆపుతాడేమోనని చూశాను. ఆయన ట్రాక్‌కు వీపు తిప్పి నిలబడ్డాడు. పరుగు చూస్తే జాలి పడతానని ఆయన భయం, అందుకే ఎప్పుడూ చూడడు. గడియారం నా మెడలో ఉంటుంది. నేను చెప్పే అంకే ఆయనకు వేదం.

ఈల వేశాను. పదిహేనుమందీ ఒక గుంపుగా, ఓరిన్ చుట్టూ కంచెలా పరిగెత్తారు. మొదటి చుట్టు ఒక నిమిషం ముప్ఫై ఏడు సెకన్లు. రెండోది ముగిసేసరికి మూడూ పద్నాలుగు. బాబోయ్, పిల్లవాడు అందుకునేలా ఉన్నాడు! మూడో చుట్టు ముగించి నా ముందుకొచ్చేసరికి గడియారంలో నాలుగూ యాభై రెండు. ఇదే నడక ఇలాగే ఉంటే ఆరూ ఇరవై తొమ్మిదికి గీత దాటుతాడు. ఒక్క అడుగు తడబడితే పదిహేనుమందీ గోవిందా.

ఇక్కడ నా పని గురించి ఒక మాట చెప్పాలి. ఆఖరి చుట్టు ముందు పరిగెత్తేవాడికి ఉన్న టైము ఉన్నట్టు చెప్పను. రెండో మూడో సెకన్లు ఎక్కువ కలిపి చెబుతాను. వెనకబడ్డానని భయపడి వాడు కాస్త ఊపందుకుంటాడు. నాకు ఈ పని నేర్పినవాడు కూడా ఇలాగే చెప్పేవాడు, ఇందులో తప్పేమీ లేదనుకున్నాను. ఆ పొద్దున నా భయం కొద్దీ ఎనిమిది కలిపాను.

"ఐదు నిమిషాలు!" అని గొంతు చించుకుని అరిచాను. "కదలండ్రా! ఐదు నిమిషాలు!"

ఓరిన్ నా వైపు తిరిగి చూశాడు. తల దించుకుని ఊపందుకోవాలని చూశాడు, కానీ కాళ్ళు రాలేదు. అదే నడక సాగింది. అవతలి వైపు దాటారు. ఆఖరి మలుపు దగ్గరికొచ్చారు, ఇంకా నూట యాభై మీటర్లు ఉంది. అప్పుడు వాడు పక్కనున్నవాణ్ణి మోచేత్తో తోసి, ట్రాక్ దిగి గడ్డి మీదికి వెళ్ళిపోయాడు.

"పొండిరా!" అని వాడు పెట్టిన కేక ఇవతలికి వినిపించింది. "నా వల్ల కాదు! మీరన్నా పొండి! టెరెల్, తీసుకుపోరా వీళ్ళని!"

ఒక్క క్షణం అందరూ తడబడ్డారు. టెరెల్ బూతులు తిడుతూ, ఏడుస్తూ ముందుకు దూకాడు. మిగతావాళ్ళు వాడి వెంట పడ్డారు. చివరివాడు గీత దాటేటప్పటికి ఆరూ పంతొమ్మిది. ఎవరూ చేతులెత్తలేదు, ఎవరూ ఎగరలేదు. అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డారు.

"ఎంతమంది?" అన్నాడు ప్రూయిట్, వెనక్కి తిరగకుండానే.

"పద్నాలుగు."

ఆయన భుజాలు వాలిపోయాయి. ఓరిన్ గడ్డి అడ్డంగా దాటుకుంటూ కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు. చెమటా కన్నీళ్ళూ కలిసిపోయాయి. మాట కోసం కాసేపు రొప్పాడు.

"పెద్దాయనా, ఆగకుండా పరిగెత్తినా అందుకునేవాణ్ణి కాదు కదా?"

కాదు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో వాడు జీవితాంతం నిశ్చింతగా ఉండేవాడు, నా పరువూ దక్కేది. వాడు నా నోటి వంకే చూస్తున్నాడు. అబద్ధం ఆడాలనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. కానీ ఆ మొహం చూస్తూ మళ్ళీ ఇంకో అబద్ధం నా నోట రాలేదు.

"అందుకునేవాడివిరా," అన్నాను. "ఒక సెకను మిగిలేది. నేను ఎనిమిది సెకన్లు ఎక్కువ చెప్పాను."

ప్రూయిట్ వెనక్కి తిరిగాడు. "ఏమన్నావ్?"

"నీకు వినిపించింది గార్లండ్. ఆఖరి చుట్టుకు ఎప్పుడూ కొంత కలిపే చెబుతాను. ఊపందుకుంటారని."

"ఎప్పుడూ అంటే?"

"పద్దెనిమిదేళ్ళుగా."

ఆయన మొహంలో రంగు మారింది. ఇన్నేళ్ళలో ఆఖరి చుట్టులో చేతులెత్తేసి వెళ్ళిపోయిన పిల్లలు ఆయన కళ్ళముందు తిరిగి ఉంటారు. నా కళ్ళముందు మాత్రం తిరిగారు. గీత దగ్గర టెరెల్ లేచి నిలబడి, మా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గురువారం పొద్దున మళ్ళీ పరిగెత్తు," అన్నాడు ప్రూయిట్ చివరికి, ఓరిన్‌తో. "ఇది నీ తప్పు కాదు. మా తప్పు."

ఓరిన్‌కు ఆ మాట ఎక్కినట్టు లేదు. నా వైపే చూస్తున్నాడు. కోపం ఉన్నా బాగుండేది, చిన్నపిల్లాడిలా తెల్లబోయి చూస్తున్నాడు.

"నువ్వు చెప్పావనే ఆగాను పెద్దాయనా," అన్నాడు. "ఇంకెవరు చెప్పినా ఆగేవాణ్ణి కాదు."

మెడలోంచి గడియారం తీసి ప్రూయిట్ చేతిలో పెట్టాను. ఆయన వద్దనలేదు.