హార్లో పుచ్చుకున్న తాంబూలం

పళ్లెంతో సహా పట్టుకుపోయాడు ఆ పెద్దమనిషి. తాంబూలం ఇస్తే ఆకులూ వక్కలూ పండ్లూ తీసుకుని పళ్లెం ఇంటివాళ్లకు వదిలేయాలని హార్లోకి ఎవరు చెబుతారు? రెండు చేతులా అందుకున్నాడు, తల వంచాడు, వెండి పళ్లాన్ని గుండెలకు ఆనించుకుని మంచులో జాగ్రత్తగా అడుగులేస్తూ కారు దాకా నడిచాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న భ్రమరాంబకు నవ్వాగలేదు.

"అత్తయ్యగారూ, మీ పెళ్లినాటి పళ్లెం పోయింది" అంది కోడలు అనిత, చెవిలో.

పోతే పోయిందిలే, మాట దక్కింది కదా అనుకుంది భ్రమరాంబ. ఆ మాట కోసమే కదా ఆ వంటంతా.

ఆమె మనవడు రేవంత్ బేస్‌బాల్ ఆటగాడు. రిచ్‌మండ్ హిల్‌లో పుట్టాడు, అక్కడి పార్కుల్లోనే ఎడమచేత్తో బంతి విసరడం నేర్చుకున్నాడు, ఇప్పుడు సొంత నగరం జట్టుకే ఆడుతున్నాడు. ఆట చివరికొచ్చి అందరి ప్రాణాలూ గొంతులోకి వచ్చినప్పుడు బంతి ఇచ్చి పంపేది అతన్నే. ఆ ఏడు సీజన్ ముగిశాక అతని కాంట్రాక్టులో ఒక వెసులుబాటు వచ్చింది. ఇష్టమైతే తెంచుకుని మరో జట్టుకు పోవచ్చు. పడమటి తీరాన ఒక జట్టు ఇంతకు బాగా ఎక్కువే ఇస్తుందని ఏజెంటు గట్టిగా చెబుతున్నాడు. ఇక్కడివాళ్లు అంత ఇవ్వలేమన్నారు. తక్కువకే ఇంకో మూడేళ్లు ఉండిపొమ్మని అడిగారు. అడగడానికి జట్టు జనరల్ మేనేజర్ హార్లో స్వయంగా ఇంటికి వస్తానన్నాడు.

భ్రమరాంబకు ఎవరైనా వెళ్లిపోవడమంటే భయం. చెల్లెల్ని కాకినాడ స్టేషన్లో రైలెక్కించింది, ఆ తర్వాత చూసింది దండ వేసిన ఫొటోలోనే. భర్త జనార్ధనరావు సార్నియాలో కెమికల్ ప్లాంటు ఇంజనీరు. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరి, కారు తాళాలు మరిచిపోయి వెనక్కి వచ్చి, అవి తీసుకుని మళ్లీ వెళ్లాడు. ఆ రోజు రావలసినవాడు రాలేదు, ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అప్పటినుంచీ ఇంట్లో ఎవరు బయల్దేరినా, కూరగాయలకైనా సరే, కారు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడుతుంది. రేవంత్ పడమటి తీరానికి వెళితే ఏ కిటికీలోంచి చూడాలి?

అలాగని ఏమీ తెలియని మనిషి కాదు. లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషు పేపర్లు కూడబలుక్కుంటూ చదవడం తనకు తానే నేర్చుకుంది. పేరోల్ అంటే జట్టులో అందరికీ ఇచ్చే జీతాల మొత్తమనీ, అది లీగు గీసిన గీత దాటితే పన్ను కట్టాలనీ, చలికాలమంతా మేనేజర్లు ఆ గీత చుట్టూనే తచ్చాడుతారనీ ఆమెకు తెలుసు. తెలిసీ నమ్మింది.

నమ్మకేం చేస్తుంది? హార్లో చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పాడు. పులిహోర రెండోసారి వడ్డించుకున్నాడు. గుత్తివంకాయ కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని కూడా వదల్లేదు. భోజనం మధ్యలో రేవంత్ భుజం మీద చెయ్యి వేసి, ఈ కుర్రాడు ఈ నగరపు బిడ్డ, నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఎక్కడికీ వెళ్లడు అన్నాడు. కొడుకు చక్రధర్ తెలుగులో చెప్పబోతే, నాకు అర్థమైందిలేరా అంది భ్రమరాంబ. అర్థమైంది కాబట్టే లోపలికి వెళ్లింది. పొద్దున్నే స్కార్‌బరో నుంచి తెప్పించిన తమలపాకులు తుడిచి పళ్లెంలో పరిచి, వక్కలూ అరటిపండ్లూ కొబ్బరికాయా పెట్టి తెచ్చింది.

ఆమె ఎరిగిన లోకంలో తాంబూలం పుచ్చుకున్నాక మాట వెనక్కి పోదు. తాంబూలాలు మార్చుకుని పెళ్లి తప్పించినవాళ్లింటి నీళ్లు కూడా వాళ్ల ఊళ్లో ఎవరూ తాగేవారు కాదు.

మర్నాడు ఏజెంటు ఫోన్లో గట్టిగానే మాట్లాడాడు. తక్కువకు ఒప్పుకుంటే ఒప్పుకున్నావు, నీ సమ్మతి లేకుండా నిన్ను ఇంకో జట్టుకు పంపకూడదని ఒక్క షరతైనా రాయించుకో అన్నాడు. రేవంత్ ఫోను మూసిపెట్టి నాన్నమ్మ వైపు చూశాడు.

"ఏమంటావ్ నాన్నమ్మా?"

"మనింట్లో భోంచేసి, తాంబూలం పుచ్చుకున్న మనిషిరా. మళ్లీ కాగితం మీద రాయమంటే ఏమనుకుంటాడు?"

"వాళ్లకి తాంబూలం అంటే ఏం తెలుసమ్మా" అన్నాడు చక్రధర్.

"తెలియకపోతే రెండు చేతులతో ఎందుకు తీసుకుంటాడు?"

రేవంత్‌కు కూడా ఉండిపోవాలనే ఉంది, ఆ మాట ఎవరైనా గట్టిగా అంటే బాగుండునని చూస్తున్నాడు. షరతు అక్కర్లేదని ఏజెంటుకు చెప్పేశాడు. ఆ వారంలోనే సంతకం పెట్టాడు.

ఓక్‌విల్ నుంచి భోజనానికి వచ్చిన సుబ్బరాజు గారు, రిటైరైన డాక్టరు, ఈ సంగతి విని ఊరుకోలేదు.

"ఏం అక్కయ్యగారూ, మనవడికి సంబంధం ఖాయం చేశారటగా? పెళ్లికొడుకు వైపువాళ్లే కట్నం తగ్గించుకోవడం మాత్రం నేనిదే వినడం."

"మీరు తినండి, అప్పడం మెత్తబడిపోతుంది" అంది భ్రమరాంబ. లోపల మాత్రం పొంగిపోయింది.

డిసెంబరులో జట్టు ఒక పేరుమోసిన బ్యాటర్‌ను కొన్నది. టీవీలో అతనికి జెర్సీ తొడిగి చప్పట్లు కొడుతుంటే చక్రధర్ కూడా సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. భ్రమరాంబ మర్నాడు పేపరు చదివింది. జీతాలు గీత దాటాయట. ఎవరినో ఒకరిని వదిలించుకోక తప్పదట. ఆ కింద నాలుగైదు పేర్లు రాశాడు విలేకరి, వాటిలో రేవంత్ పేరు లేదు. లేకపోయినా ఆమెకు అన్నం సయించలేదు. రేవంత్ వచ్చినప్పుడు అడిగితే నవ్వాడు. హార్లో పండగ శుభాకాంక్షలు పంపాడనీ, నాన్నమ్మ వంకాయ కూర మరిచిపోలేదని రాశాడనీ ఫోను చూపించాడు. ఆ మెసేజ్ ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. వంకాయ కూర సంగతి నిజంగానే ఉంది. ఆ పూట కాస్త అన్నం తింది.

జనవరిలో ఒక ఆదివారం అందరూ భోజనాల దగ్గర ఉండగా రేవంత్ ఫోను మోగింది. ఎవరో విలేకరి. కొత్త జట్టు గురించి ఏమనుకుంటున్నారు అని అడిగాడట. ఏ కొత్త జట్టు అన్నాడు రేవంత్. అవతలివాడు తడబడి క్షమాపణ చెప్పి పెట్టేశాడు. రెండో ఫోను హార్లో నుంచి. రేవంత్ గరాజ్‌లోకి వెళ్లి మాట్లాడాడు. తిరిగి వచ్చి కూర్చుని, వదిలేసిన పెరుగన్నం మళ్లీ కలుపుకోవడం మొదలుపెట్టాడు.

"ట్రేడ్ చేశారు" అన్నాడు, కంచంలోకి చూస్తూ.

మరో జట్టుకు ఇచ్చేశారు, అదీ పడమటి తీరానికే. ఎక్కువ డబ్బుతో కాచుకుని ఉన్న ఆ జట్టుకే ఇప్పుడు తక్కువ డబ్బుకు దొరికాడు. సాయంత్రం ఏజెంటు విడమరిచి చెప్పాడు. ఖరీదైన ఆటగాళ్లను ఎవరూ తీసుకోరు, జీతం తక్కువున్న మంచి ఆటగాడైతే ప్రతి జట్టూ అడుగుతుంది, గీత కిందికి రావడానికి హార్లోకి దొరికిన సులువైన దారి రేవంతే. ఇల్లు వదలలేక తగ్గించుకున్న జీతమే అతన్ని అమ్ముడుపోయే సరుకు చేసింది. ఆ ఒక్క షరతు ఉంటే కదిలించగలిగేవారు కాదు అన్న మాట ఏజెంటు నోటితో అనలేదు. అనవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

భ్రమరాంబ మనవడి గదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"నా మీద కోపం లేదా నాన్నా?"

"యూ డిడ్న్ట్ డూ ఎనీథింగ్, నాన్నమ్మా."

ఇంగ్లీషులో అన్నాడు. చిన్నప్పటినుంచీ అంతే, నిజం దాచాలంటే ఇంగ్లీషులోకి వెళతాడు. బడిలో దెబ్బలాడి మోచేయి గీరుకుని వచ్చిన రోజు కూడా ఐయామ్ ఫైన్ అనే అన్నాడు. కేకలేసినా బాగుండేది.

లాకర్ ఖాళీ చేయడానికి స్టేడియానికి వెళుతుంటే తానూ వస్తానంది. అనిత వద్దంది, చలి అంది, మోకాళ్లంది. భ్రమరాంబ అప్పటికే కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

పెట్టెలో పట్టుబట్టలు మడిచి పెట్టినంత శ్రద్ధగా రేవంత్ లాకర్లోని సామాను సంచుల్లో సర్దుతుంటే హార్లో వచ్చాడు. ముఖం చాటేయలేదు, అదొకటి చెప్పుకోవాలి. ఇద్దరినీ పైన తన గదికి తీసుకెళ్లి కుర్చీలు లాగి కూర్చోబెట్టాడు. కాఫీ కావాలా అని అడిగాడు. భ్రమరాంబకు కాఫీ మాట వినిపించలేదు. బల్ల మీద ఆమె పళ్లెం ఉంది. అందులో కారు తాళాలు, పెన్నులు, పిప్పరమెంటు బిళ్లలు, వాటి నడుమ మిగిలిపోయిన ఒక వక్క.

ఆమె చూపు చూసి హార్లో సంబరంగా, ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ దీని గురించే అడుగుతారు అన్నాడు. ఆ సంబరంలో కపటం ఏమీ లేదు.

దారి పొడుగునా కూడబలుక్కున్న ఇంగ్లీషులో అడిగింది. మా ఇంట్లో భోంచేసిన రోజు మీకు ఇది తెలుసా?

హార్లో కిటికీ బయట ఖాళీ మైదానం వైపు చూసి, తెలియదన్నాడు. ఆ రోజు నిజంగానే అన్నానన్నాడు. డిసెంబరులో లెక్కలు మారాయి, మారితే నేనేం చేయను, రేవంత్ మీద నా గౌరవం ఏమీ తగ్గలేదు అన్నాడు.

అబద్ధం ఆడి ఉంటే బాగుండేదనిపించింది భ్రమరాంబకు. అబద్ధాలకోరుని తిట్టుకోవచ్చు. ఈ మనిషి మనస్ఫూర్తిగా మాట ఇచ్చి, మనస్ఫూర్తిగానే దాన్ని దాటుకుని వెళ్లిపోయాడు, మధ్యలో తన కాలికి ఏదీ తగల్లేదు.

ఆమె లేచింది. పళ్లెంలోంచి తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. పెన్నులు తీసి బల్ల మీద పెట్టింది. పిప్పరమెంటు బిళ్లలు దోసిలిలోకి తీసుకుని పెన్నుల పక్కన పోసింది. హార్లో ష్యూర్, ఆఫ్ కోర్స్ అంటూ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. తాంబూలం వెనక్కి తీసుకుంటున్నామని ఇంగ్లీషులో ఎలా అనాలో ఆమెకు తెలియలేదు. తెలుగులోనూ ఎవరూ అనగా ఎప్పుడూ వినలేదు. వక్కను మాత్రం బల్ల మీదే వదిలి, పళ్లాన్ని కోటు లోపల పెట్టుకుని బయటికి నడిచింది.

కారు స్టేడియం దాటాక రేవంత్ కొత్త కబురు చెప్పాడు. కొత్త జట్టువాళ్లు కాంట్రాక్టు పొడిగించే మాట ఎత్తుతున్నారట.

"వాళ్ల జనరల్ మేనేజర్ని కూడా భోజనానికి పిలుద్దామా నాన్నమ్మా?"

"పిలువు, పెడతాను" అంది. "ముందు రాయించుకో."

ఫిబ్రవరిలో, జట్లు ప్రాక్టీసుకు చేరే ముందు, రేవంత్ బయల్దేరాడు. చక్రధర్ సూట్‌కేసులు కారెక్కిస్తున్నాడు. అనిత పచ్చడి సీసాకు ఇంకో కవరు చుడుతోంది. రేవంత్ వంగి నాన్నమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

"ఆగస్టులో మాకు ఇక్కడే మ్యాచులు. వస్తా."

వెళ్లొస్తానన్న ప్రతివాళ్లకూ ఆమె ఇన్నేళ్లుగా ఒకటే చెప్పింది, మంచిది నాన్నా అని. రైలు దగ్గర చెల్లెలికీ అదే చెప్పింది. ఈసారి నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"నిజంగానా?" అంది.

సొంతవాళ్లను ఆమె ఎన్నడూ అలా అడగలేదు. అడిగాక తనకే సిగ్గేసింది. రేవంత్ భుజానికి తగిలించుకున్న సంచి కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నవ్వలేదు.

"నిజంగా వస్తా నాన్నమ్మా."

తెలుగులోనే అన్నాడు. ఆమె తల ఊపి, తలుపు వేసి, కిటికీ దగ్గరికి వెళ్లింది. కారు మలుపు తిరిగింది. మామూలుగా అయితే అప్పుడు వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ రోజు అనిత రెండుసార్లు పిలిచినా అక్కడినుంచి కదల్లేదు.