నల్లపూత ఫ్లెక్సీ

టీషర్టులు పసుపా, నారింజా అన్న విషయం మీద విరాళాల కోసం పెట్టిన సహాయ నడక కమిటీవారు గంటసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి పసుపు గెలిచింది. గుండెల మీద ఉదయించే సూర్యుడి బొమ్మ వేయిద్దామని అధ్యక్షుడి బావమరిది సలహా ఇస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నడక ఏ పిల్ల కోసమో ఆ పిల్లకి ఎండే విషమన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. గోరంత చేసి కొండంత చెప్పుకునేవారు లోకంలో కొల్లలు. పాఠకులారా, వీరు ఆ గోరంతైనా ఎలా చేశారో చూడండి.

ఆ పిల్లని ఇంట్లో చిట్టి అంటారు. తండ్రి బేకరీలో రొట్టెలు కాలుస్తాడు, తల్లి కర్టెన్లు కుడుతుంది. ఇద్దరి నుంచీ వాళ్ళకే తెలియకుండా బిడ్డకి సంక్రమించిన అరుదైన జన్యులోపం అది. ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. కాలిన చోట తిరిగి బాగుపడే శక్తి ఆ ఒంటికి పుట్టుకతోనే లేదు. ఇప్పటికే ముక్కు మీద ఒక గడ్డ, చెవి దగ్గర ఒక గడ్డ డాక్టర్లు కోసి తీశారు. అందుకే తల్లి ఇంటి కిటికీలన్నిటికీ రెండు పొరల నల్లగుడ్డ కుట్టి వేలాడదీసింది. చిట్టి కూడా నలుగురితో కూర్చుని చదువుకోవాలని, బడి కిటికీలకీ అలాగే కుట్టిస్తానంది.

బడి పాలకమండలికి కూడా ఆ అధ్యక్షుడే పెద్ద. ఆయన ఒప్పుకోలేదు.

"గుడ్డముక్కలు వేలాడదీస్తే బడి పరువేం కానమ్మా? నడక అయిపోనీ, వచ్చిన డబ్బుతో అద్దాలకి ఎండ ఆపే మంచి ఫిల్ము వేయిస్తా" అన్నాడు.

ఆ మాట పట్టుకునే చిట్టి ఏడాదిగా ఇంట్లో కూర్చుంది.

నడక తెల్లవారకముందే మొదలై వెలుగు రాకముందే ముగుస్తుందని ఆయన మాటిచ్చాడు. చీకట్లో వెళ్ళి చీకట్లోనే వచ్చేస్తాం కదా అని తల్లి కూతురికి ఎండలో కప్పే ముసుగు ఇంట్లోనే వదిలేసింది. పెద్దమనుషుల మాట నమ్మడం ఒక్కటే ఆమె చేసిన పొరపాటు.

చీకటితోనే జనం చేరారు. ముఖ్య అతిథి మాత్రం రాలేదు. తల్లి వెళ్తానని లేచినప్పుడల్లా "ఐదు నిమిషాలమ్మా, దారిలో ఉన్నారు" అని కూర్చోబెట్టారు. ఆ దారి ఎంత పొడుగో గానీ, అతిథికన్నా ముందు సూర్యుడే వచ్చేశాడు. తల్లి చిట్టిని చంకనేసుకుని, వేదిక వెనకున్న కిటికీలు లేని జనరేటరు గదిలోకి పరిగెత్తి తలుపు మూసింది.

కాసేపటికి అతిథిగారు వేంచేశారు. అధ్యక్షుడు వచ్చి తలుపు తట్టాడు.

"పిల్లని తీసుకురామ్మా. రెండు నిమిషాలే. ఒక్క ఫొటో."

"ఎండొచ్చేసింది సార్. కారు తలుపు దాకా తెప్పించండి, ఏదో ఒకటి కప్పుకుని ఇంటికి పోతాం."

"కార్లన్నీ అతిథిగారి ఊరేగింపులో ఉన్నాయి. అయినా పొద్దుటి ఎండ ఒంటికి మంచిదమ్మా!"

ఏడాదిగా ఆ జబ్బు పేరు చెప్పి ఉపన్యాసాలిస్తున్న మనిషికి ఆ జబ్బు గురించి తెలిసింది ఇంతే.

"దీనికి మంచిది కాదు సార్."

"చూడమ్మా, పిల్ల మొహం కనపడకపోతే జనం ఏం చూసి ఇస్తారు? తర్వాత ఆ ఫిల్ము సంగతి నన్నడగొద్దు మరి."

లోపల నుంచి చిట్టి గొంతు వినపడింది. "వెళ్తానమ్మా. రెండు నిమిషాలేగా. మండినా ఏడవన్లే. బడికెళ్ళొచ్చు కదా."

ఆ మాటకి తల్లికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "నువ్వు ఇక్కడే ఉండు" అని, సంచిలోంచి కర్టెన్లు కత్తిరించే పెద్ద కత్తెర తీసి తిన్నగా వేదిక ఎక్కింది. అక్కడ వేలాడుతున్న ఫ్లెక్సీ మీద చిట్టి మొహం చిన్నది, అధ్యక్షుడి మొహం పెద్దది. వెనక మాత్రం దళసరి నల్లపూత. చీకట్లో దాని చాటున కూర్చున్నప్పుడే ఆమె తడిమి చూసింది, వేదిక దీపాల వెలుగు చుక్క కూడా దూరలేదు. తాళ్ళు తెగ్గోసి దాన్ని తెచ్చి, బిడ్డకి తల నుంచి కాళ్ళ దాకా చుట్టి, భుజాన వేసుకుని మైదానం మధ్యలోంచి నడిచింది.

"బ్యానరు! బ్యానరు!" అని బావమరిది అరిచాడు. అధ్యక్షుడూ అదే అరిచాడు. అంతమందిలో "అయ్యో, పిల్ల" అన్నవాడు ఒక్కడూ లేడు. పసుపు టీషర్టులు పక్కకి తప్పుకుని ఫోన్లలో వీడియో తీశాయి. ఆ పూట వాళ్ళు చేసిన సాయం అదే.

వారం తర్వాత అధ్యక్షుడు బడి ముందు కారు దిగి నిలబడిపోయాడు. తరగతి కిటికీల మీద తన మొహమే రెండు ముక్కలై, ఒక చెంప ఒక కిటికీకి, రెండో చెంప రెండో కిటికీకి వేలాడుతోంది. నల్లపూత లోపలికి, రంగులు ఎండకి. తల్లి బల్లెక్కి చివరి అంచు బిగిస్తోంది. లోపల రెండో వరుసలో చిట్టి పక్కపిల్లతో గుసగుసలాడుతోంది.

"ఎవరు తగిలించమన్నారు దీన్ని? నా మొహమంతా వెలిసిపోతుంది!"

"నేనేనండీ" అంది ప్రధానోపాధ్యాయురాలు. ఏడాదిగా నోరు మెదపని ఆవిడకి ఆ వీడియో చూశాక సిగ్గేసిందట.

తల్లి బల్ల దిగింది. "వెలవనివ్వండి సార్. ఇన్నాళ్ళకి మీ మొహం ఎండలో నిలబడి మా పిల్లకి పనికొచ్చింది. మీరు మా కోసం నడిచారు, కాదనను. కానీ మీకు వీలైనప్పుడు నడిచారు. సాయం చేసేవాళ్ళు చూసుకోవాల్సింది తమ గడియారం కాదు సార్, కష్టంలో ఉన్నవాళ్ళ గడియారం."