సాహూ మరియు ఇతరులు

“ఆ డబ్బాల్లో పెంచే కణాలకి ఇంకెవరూ మేత వెయ్యలేరా ఏంటి? మూడు నెలలు ఛుట్టీ పెట్టెయ్,” అన్నాడు శామ్సన్, టీ కప్పు అందుకుంటూ.

గ్లోరీ మెంతికూర తుంపుతోంది. తలెత్తలేదు. శామ్సన్ చెల్లెలు జెస్సీకి నెలలు నిండుతున్నాయి, పురిటికి వీళ్ళింటికే వస్తోంది. రైల్వే ఆఫీసులో పనిచేసే ఈ పెద్దమనిషి పెళ్ళాన్ని ఒక్క మాటైనా అడక్కుండా ‘మీ వదిన సెలవు పెడుతోందిలే’ అని చెల్లెలికి ఫోనులో చెప్పేశాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! మాట ఆయనది, సెలవు ఈవిడది.

గ్లోరీ పని రోగనిరోధక శక్తి మీద పరిశోధన. సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బున్న పిల్లలకి టీకా వేసినా రక్షణ ఎందుకు నిలవదో వెతుకుతుంది. ఆరంగ్ చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి, తల్లుల పక్కన కింద కూచుని, వాళ్ళ భయం తీరేదాకా కబుర్లు చెప్పి, అప్పుడు గానీ పిల్లల నెత్తురు తీసుకునేది కాదు. ఆ నెత్తుట్లోంచి వేరుచేసిన కణాలని ప్రయోగశాలలో పసిపిల్లల్లా సాకాలి. ఆదివారం ఆరాధన మధ్యలో లేస్తే అత్తగారు మేరీ చెయ్యి పట్టుకుని ఆపేది. “కణాలకి మేత మార్చాలత్తయ్యా, వాటికి ఆదివారం తెలీదు” అంటే, “మొగుడికి అన్నం వేళైతే మాత్రం నీకు గుర్తుండదు” అనేది ఆవిడ, నలుగురికీ వినబడేలా. అందరితోపాటు గ్లోరీ కూడా నవ్వేసేది. ఏం చేస్తుంది మరి!

పదేళ్ళ కిందట ఆ పని మీదే మొదటి పెద్ద పరిశోధన పత్రం రాసింది. పత్రికవాళ్ళు బాగుందన్నారు, ఒక్క ప్రయోగం మళ్ళీ చేసి చూపించమన్నారు. సరిగ్గా అప్పుడే మేరీ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. “అమ్మని ఆయా చేతుల్లో పెడతామా? నీ పని ఎక్కడికీ పోదులే” అన్నాడు శామ్సన్. ఎక్కడికో పోలేదు పాపం, పక్క బల్ల మీద పనిచేసే సాహూ చేతిలోకి పోయింది. మిగిలిన ప్రయోగం అతను చేశాడు, పేరు ముందు పెట్టుకున్నాడు. “ఆఖరి పని నాదే కదా మేడమ్, బురా మత్ మానియే” అన్నాడు, ఏమీ అనుకోవద్దని.

శాస్త్రవేత్తల లోకంలో ఒక ఆచారముంది. ఇంకొకరి పత్రాన్ని ఉదహరించేటప్పుడు మొదటి పేరొక్కటే రాస్తారు. తక్కినవాళ్ళందర్నీ ‘ఇతరులు’ అనే గోనెసంచిలో వేసి మూతి కట్టేస్తారు. ఆ పత్రాన్ని ఏయే దేశాలవాళ్ళో ఉదహరించారు, సాహూకి ఢిల్లీలో పెద్ద పదవి వచ్చింది. అదీ పోనీ. తర్వాత రాసిన పత్రాల్లో తను కనిపెట్టిన సంగతి తనే చెప్పుకోవాల్సి వస్తే, గ్లోరీ కూడా ‘సాహూ మరియు ఇతరులు చూపినట్టు’ అనే రాయాలి. మొదటిసారి అలా రాసినరోజు కుళ్ళికుళ్ళి ఏడ్చింది. “లోపల నీ పేరుందిగా, ఏడుపెందుకు?” అన్నాడు శామ్సన్. ఓదార్పుగానే అన్నాడు, ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఇప్పుడు మళ్ళీ అదే తంతు. పిల్లలకి రెండో టీకా ఎప్పుడు వేస్తే రక్షణ నిలుస్తుందో కొత్త పత్రంలో రాసింది. ఇంకొక్క విడత ప్రయోగం చేసి చూపించండి, మూడు నెలలు గడువు అన్నారు పత్రికవాళ్ళు. తను సెలవు పెడితే ప్రయోగశాలలో తన దగ్గర పని నేర్చుకుంటున్న పూర్ణిమ చేస్తుంది, బుద్ధిమంతురాలు ఆ పిల్ల. చేసినవాళ్ళ పేరే ముందుంటుంది, అది న్యాయమే. అందుకే కాదనడానికీ ఉండదు.

“మీరు పెట్టండి ఛుట్టీ,” అంది గ్లోరీ.

“నేనా? పురిటికా?”

లోపలి మంచం మీంచి మేరీ కేకేసింది. “మగాడు పురుడు పోస్తాడా ఎక్కడైనా? మన తెలీబంధా పేటంతా నవ్విపోద్దే!”

“నవ్వనీండత్తయ్యా. పత్యం వండటం నేను నేర్పిస్తా. ఆస్పత్రికి తిప్పటం, గుడ్డలుతకటం, బిడ్డనెత్తుకోవటం, ఇందులో మగాడికి రానిదేముంది? పాలివ్వటం ఒక్కటే జెస్సీ చూసుకోవాలి. సాయంత్రం నుంచి నేనూ ఉంటాగా. జెస్సీ అంటే నాకు మాత్రం ప్రాణం కాదా?”

చివరి మాట బతిమాలినట్టు వచ్చింది. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“నా తుంటి విరిగినప్పుడు నువ్వే కదమ్మా చూసింది,” అంది మేరీ, ఈసారి మెల్లగా.

“చూశానత్తయ్యా. అవసరమైతే మళ్ళీ చూస్తాను. కానీ మిమ్మల్ని మీ కన్నకొడుకు కూడా చూసుకోగలిగేవాడు.”

శామ్సన్ టీ చల్లారిపోయింది. కప్పు పక్కన పెట్టాడు. దెబ్బలాడతాడనుకుంది గానీ, ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే బెంగ ఉంది.

“ఇంతా చేసి, ఆ ప్రయోగం ఫెయిలైతే?”

గ్లోరీ తుంపిన ఆకులన్నీ గిన్నెలో వేసి లేచింది.

“అవనీండి. ఈసారి ఫెయిలైనా నా పేరు మీదే ఫెయిలవ్వాలి.”